ఎడమవైపు వంత గురించిన ఒక్క వాక్యం

రాయ్‌పూర్,
14 సెప్టెంబరు 1998.

డివిజనల్ అధికారి గారి సముఖమునకు,
కళా ప్రదర్శనల విభాగము, రాయ్‌పూర్.

అయ్యా,

విషయం: 1986వ సంవత్సరపు పరిశీలన నివేదికలో నన్ను గురించి వ్రాయబడిన ఒక వాక్యమును కొట్టివేయించుట, తద్వారా యూరప్ నిధి వారి గురుశిష్య పథకము క్రింద నాకు ఇద్దరు శిష్యులను మంజూరు చేయించుట గురించి.

సూచిక: తమ కార్యాలయపు తిరస్కరణ ఉత్తరము, తేదీ 21 ఆగస్టు 1998.

గేదెల జోగయ్య అను నేను, వయస్సు 59 సంవత్సరములు, రైల్వే వ్యాగన్ షాపులో ఖలాసీగా పనిచేసి రిటైరైనవాడను, ప్రస్తుతం ఈ ఊరి మోవా పేటలో అద్దె గదిలో ఒంటరిగా కాపురముండువాడను, తమకు తెలియజేసుకొను సంగతులు ఏమనగా:

1. మొదటగా ఈ అర్జీ తెలుగులో వ్రాయుట గురించి. తమ ప్రకటనలోని ఏడవ నిబంధన ప్రకారం కళాకారుడు తన కళ ఏ భాషలో ఉన్నదో ఆ భాషలోనే వ్రాసుకొనవచ్చును. తర్జుమా ఏర్పాటు నిధి వారిది. ఆ దేశాలలో ఒక్కొక్క దేశానికి ఒక్కొక్క భాష అయినందున అటువంటి నిబంధన పెట్టుకొన్నారని తమ ఆఫీసులోని హెడ్ గుమాస్తా బడా బాబు గారు చెప్పినారు. నిబంధన మంచిది. నేను హిందీ మాట్లాడగలను గాని, ముప్పై ఎనిమిది ఏళ్ళు ఇక్కడే ఉండి కూడా ఒక కాగితం నిండా వ్రాయలేను. దీనిని తర్జుమా చేయువారు తెలుగువారే అయి ఉందురు. వారిది ఏ జిల్లాయో తెలిసినచో సంతోషించెదను. ఇది అర్జీకి సంబంధించిన విషయము కాదు.

2. మాది బుర్రకథ దళము. ఇందులో ముగ్గురుంటారు. మధ్యన తంబూర పట్టుకొని కథ చెప్పేవాడు కథకుడు. ఇరుపక్కల డక్కీలు వాయిస్తూ తందాన పలికేవాళ్ళు వంతలు. మా దళంలో కథకుడు బోని సత్తిరాజు. కుడివైపు వంత అమ్మిరాజు. ఎడమవైపు వంత నేను. ముగ్గురం విజయనగరం వైపు వాళ్ళం, ముగ్గురిదీ రైల్వే ఉద్యోగమే. సత్తిరాజును నేను బావా అని పిలుస్తాను.

కుడివైపు వంత కథకుడిని బలపరుస్తాడు. ఎడమవైపు వంతది హాస్యం. అతని పని కథకుడికి అడ్డు తగలడం. కథ మంచి పట్టులో ఉన్నప్పుడు తెలివితక్కువ ప్రశ్న వేయాలి, ఎగతాళి చేయాలి, కథకుడి చేత తిట్లు తినాలి. జనం నవ్వాలి. నవ్వు ఆగేలోపు కథకుడు దుఃఖం ఎత్తుకుంటాడు. నవ్వని జనాన్ని ఏడిపించడం కష్టం. మా పనిలో మొదట నేర్పేది ఇదే. ఈ సంగతి తెలుగునాట ఎవరికీ చెప్పనవసరం లేదు. ఇక్కడ చెప్పవలసి ఉంటుందని నాకు తోచలేదు. ఈ కష్టమంతా అందువల్ల వచ్చినదే.

3. 1986 ఫిబ్రవరిలో యూరప్‌లోని ఒక నగరం వారు తమ ఊరి ఉత్సవానికి మన రాష్ట్రం నుండి దళములను ఎంపిక చేయుటకు ఒక మేడం గారిని పంపినారు. ఖర్చు అంతా ఆ నగరపు సాంస్కృతిక నిధిది. అప్పటి అధికారి గారు ఆమె వెంట రైల్వే కాలనీ హాలుకు వచ్చినారు. వారు తమ పూర్వాధికారి. ఇప్పుడు రిటైరై ఎక్కడ ఉన్నారో నాకు తెలియదు.

ఆ రోజు మేము చెప్పినది సత్తిరాజు స్వయంగా కట్టిన రైలు కథ. మా తాతల తరం వాళ్ళు విజయనగరం నుంచి రాయ్‌పూర్‌కు లైను వేయడానికి వచ్చిన కథ. హాలు నిండిపోయింది. పిల్లల్ని ఎత్తుకొని ఆడవాళ్ళు గోడల వెంట నిలబడ్డారు. సత్తిరాజు కొండ తొలిచే ఘట్టం అందుకొన్నాడు.

"ఆ విధముగా కూలిజనం కొండను తొలుచుకుంటూ ముందుకు సాగుతుండగా..."

"ఆగాగు బావా," అన్నాను. "కొండను తొలిచినారా?"

"తొలిచినార్రా."

"కొండకి నొప్పెట్టనేదేటి?"

"కొండకి నొప్పేటిరా, తలమాసినోడా!"

"మొన్న నా పన్ను పీకినప్పుడు కాంపౌండరూ ఇదే మాటన్నాడు. పన్నుకి నొప్పేటిరా అని."

హాలంతా నవ్వింది. మేడం గారికి పక్కనున్న దుబాసీ ఆయన చెవిలో తర్జుమా చెబుతున్నాడు, ఆమె కొంచెం ఆలస్యంగా నవ్వారు. అధికారి గారు మాత్రం చెయ్యెత్తి, "ఇసే చుప్ కరాఓ" అన్నారు. వీణ్ణి నోరు మూయించండి అని. ఆ మాట నాకు వినబడింది. వంత పని తలకెక్కి ఉన్నవాడికి ముందువరసలో చెయ్యి లేస్తే అది ఆటలో భాగంగానే కనబడుతుంది. నేను డక్కీ మీద ఒక దెబ్బ వేసి, "సూడు బావా, ఆ బాబుగారికీ పన్ను పీకినట్టున్నారు, సెయ్యెత్తి సెబుతున్నారు" అన్నాను.

ఇది నా తప్పే. వంతగా తప్పు కాదు. ఉద్యోగస్తుడిగా తప్పు.

తరవాత సొరంగం కూలి జనం పోయిన ఘట్టం వచ్చింది. గోడల వెంట నిలబడ్డ ఆడవాళ్ళు ఏడ్చారు. తెలుగు రాని మేడం గారు కూడా కళ్ళు తుడుచుకొన్నారు. ఆట అయ్యాక ఆమె నా దగ్గరికి వచ్చి పేరు అడిగి రాసుకొన్నారు. ముగ్గురికీ సమానంగా ఇస్తారా అని పక్కనున్నాయన చేత అడిగించారు. సమానమేనని సత్తిరాజు చెప్పాడు. తమ దేశంలో ఆటగాళ్ళకి పని గంటలు లెక్కగట్టి భత్యమూ, బీమా కూడా ఉంటాయని, ఆట లేని రోజుల్లో కూడా సర్కారు వాళ్ళని మనుషులుగానే చూస్తుందని ఆమె అన్నారట. మేము ఆ మాట గురించి చాలా రోజులు చెప్పుకొన్నాం.

4. తరవాత వచ్చిన జాబితాలో నా పేరు బదులు సూరిబాబు పేరు ఉన్నది. అతను అమ్మిరాజు మేనల్లుడు. ఆ సంగతి చెప్పడానికి సత్తిరాజు వ్యాగన్ షాపు గేటు దగ్గర నిలబడి ఉన్నాడు.

"పైనుంచి పేరు మార్చీసినారు బావా."

"ఎవులు మార్చినారు?"

"పైన."

"సూరిబాబుకి హాస్యం రాదు గదా."

"డక్కీ వచ్చుగదా. ఆల్లకి తెలుగెలాగా రాదు. ఏటి అడిగితే ఏటి?"

నా డక్కీ సూరిబాబుకు ఇచ్చాను. చలిదేశం గనుక మఫ్లరు కూడా ఇచ్చాను. వాళ్ళు ఇరవై ఒక్క రోజులు ఉండి వచ్చారు. అక్కడి కాగితాల్లో ఒక్కొక్కరికి ఒక్క వృత్తే రాయాలట. సూరిబాబుకు వాద్యకారుడు అని ఒక కార్డు ఇచ్చారు. ఫొటోతో బాగుంది.

జనం ఎలా చూశారని సత్తిరాజును అడిగాను.

"శానా మర్యాదస్తులు బావా. సివరికంటా కదలకుండా కూకున్నారు. అయిపోయినాక సప్పట్లు కొట్టినారు. అంతే."

"నవ్వినారా?"

"నవ్వడానికేటుంది? నువ్వు నేవు గదా."

"ఏడిసినారా?"

"నేదు."

ఆ తరవాత కూడా మేము కలిసి కథలు చెప్పాం. తిల్దా మిల్లుల్లో పనిచేసే మనవాళ్ళ దగ్గర చెప్పాం, రైల్వే కాలనీలో చెప్పాం. ఎవరూ పిలవకుండా అయ్యేదాకా చెప్పాం. 'నువ్వు నేవు గదా' అన్న మాటను నేను పన్నెండేళ్ళు మెప్పుగా దాచుకొన్నాను.

5. ఈ సంవత్సరం యూరప్ దేశాల నిధి వారు కొత్త పథకం పెట్టినట్లు తమ కార్యాలయపు గోడ మీద చూసితిని. వెనుక అక్కడికి వెళ్ళిన దళములలోని వృద్ధ కళాకారులకు, వారు వెళ్ళినా వెళ్ళకపోయినా, ఒక గది, ఏడాదిపాటు ఇద్దరు శిష్యులు. భత్యము కూడా ఉన్నది. పెన్షను వచ్చుచున్నది గనుక దానిని వారు ఇచ్చినా ఇవ్వకున్నా నేను బతుకుతాను. నాకు కావలసినది ఆ ఇద్దరు.

కారణము చెప్పుకొనెదను. కథకుడు ఒక్కడే కూర్చొని సాధన చేసుకోగలడు. తాళం వేసేవాడు కూడా చేసుకోగలడు. హాస్యం వంత చేసుకోలేడు. ఎవరో ఒకరు ఏదో ఒకటి చెబుతుంటే తప్ప అడ్డు తగలడానికి వీలు లేదు. మా అమ్మిరాజు రిటైరై శృంగవరపుకోట వెళ్ళిపోయాడు. నా భార్య నాంచారమ్మ పోయి ఆరేళ్ళు. మోవాలో గదిలో కూర్చొని సత్తిరాజు మాటలు నేనే పలికి, నేనే అడ్డు తగిలి చూశాను. ఒకరోజు పక్కగది ఆయన తలుపు దగ్గరికి వచ్చి, "కాకా, మెహమాన్ ఆయే హై క్యా?" అన్నాడు. చుట్టాలొచ్చారన్నాను. ఆయన లోపలికి తొంగి చూడకుండా వెళ్ళిపోయాడు. అది ఆయన మంచితనం.

శిష్యులు తెలుగువారే కానక్కరలేదు. ఛత్తీస్‌గఢీ పిల్లలైనా అభ్యంతరము లేదు. ఎదురు మాట్లాడితే చాలును.

6. దరఖాస్తు ఫారములో కళ ఏది అని ఒక గడి ఉన్నది. గానం, వాద్యం, నృత్యం, హస్తకళ, ఇతరములు. వాద్యం అని రాయమని బడా బాబు గారు సలహా ఇచ్చినారు. నా డక్కీ అంతంతమాత్రం. అబద్ధం రాయడం ఇష్టం లేక 'ఇతరములు' దగ్గర 'కథకు అడ్డుపడుట' అని వ్రాసితిని. ఉన్నమాట వ్రాసితిని.

ఆగస్టులో తిరస్కరణ వచ్చింది. అందులో ఉన్నది ఇది: 'అర్జీదారు స్వయముగా అడ్డుపడుట తన వృత్తియని ఒప్పుకొన్నందున, 1986 నివేదికలోని ప్రతికూలాభిప్రాయము రుజువైనది. క్రమశిక్షణ లేని వ్యక్తికి శిష్యులను అప్పగించుట నిధి నియమములకు విరుద్ధము.'

1986 నివేదిక ఏమిటో నాకు తెలియదు. తమ ఆఫీసుకు వచ్చి అడిగాను. బడా బాబు గారిది ఈ జిల్లాలోనే ఆరంగ్ ఊరు. నెమ్మదైన మనిషి. పాత ఫైలు దుమ్ము దులిపి చదివి వినిపించారు. 'ఎడమవైపు వాద్యగాడు ప్రధాన కళాకారుని మాటిమాటికి అడ్డగించుచు, అతిథుల యెదుట ఎగతాళి చేయుచు, క్రమశిక్షణ లేనివాడుగా కనబడెను. ఇతనిని మార్చిన యెడల దళమును పంపవచ్చును.'

నేను నవ్వాను. ఆపుకోలేకపోయాను.

"ఆయన చెప్పింది నిజమే బాబూజీ, నా పని అదే," అన్నాను హిందీలో.

"అది నిజమే కావచ్చు కాకా. అదే చిక్కు," అన్నారాయన. "మీ ఎదటివాడు ఒప్పుకోవాలి. ప్రధాన కళాకారుడు ఒక కాగితం రాసి ఇస్తే వాక్యం కొట్టించే వీలుంది. ఆయన ఉన్నారా?"

"ఉన్నాడు. మోవాలోనే."

"మరింకేం? సంతకం కాకపోతే వేలిముద్ర అయినా సరే."

ఆయన కాగితం తిప్పారు. వెనక పక్క ఒక లైను హిందీలో ఉంది. ఎడమవైపు మనిషిని మార్చుటకు నాకు అభ్యంతరము లేదు అని. దాని కింద తెలుగులో సంతకం. ఎవరిదో చదవమని బడా బాబు గారు నన్నే అడిగారు. ముప్పై ఏళ్ళు జీతాల వరసలో ఆ సంతకం తరవాత నేను సంతకం చేశాను. ఎవరిదో నాకు చదవనక్కరలేదు.

"అరిగిపోయింది బాబూజీ, తెలియడం లేదు," అన్నాను.

7. సత్తిరాజుకు రెండేళ్ళ క్రితం పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి, మాట పోయాయి. మనిషికి మతి బాగానే ఉంది. నేను రోజూ సాయంత్రం వెళ్తాను. మంచానికి ఎడమవైపు ఒక స్టూలు ఉంది. తంబూర గోడకు ఉంది. అతని భార్య అప్పలనరసమ్మ టీ ఇచ్చి, "అన్నియ్యా, ఏటైనా అడగండి, పొద్దుగాల నుంచి మీకోసమే సూస్తన్నారు" అంటుంది. నేను ఏదో ఒకటి అడుగుతాను. మొన్న, "బావా, డాక్టరు నీకు సగం మనిషి పడిపోయిందన్నాడు, మరి బియ్యం కూడా సగమే తింటన్నావా?" అన్నాను. అప్పలనరసమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సత్తిరాజు మూతి ఎడమపక్కకి కదిలింది. తిట్టబోయాడని నాకు తెలుసు. ఆ తిట్టు రాలేదు. నేను కాసేపు దాని కోసం చూశాను.

ఫైలు చూసిన రోజు సాయంత్రం కూడా వెళ్ళాను. స్టూలు మీద కూర్చున్నాను. ఏమీ అడగలేదు. టీ తాగి వచ్చేశాను.

8. అతను ఎందుకు సంతకం పెట్టి ఉంటాడో నాకు తెలుసును. ముగ్గురూ ఆగిపోవడమా, ఇద్దరు పోవడమా అని అడిగి ఉంటారు. నన్ను అడిగినా పొమ్మనే చెప్పేవాణ్ణి. నన్ను అడగలేదు. ఇంతకన్నా ఆ విషయమై చెప్పడానికి లేదు.

కావున ఆ కాగితం నేను అతనిని అడగను. అడగాలంటే ముందు ఆ నివేదిక చదివి వినిపించాలి. తన సంతకం సంగతి నాకు తెలిసిపోయిందని అతనికి తెలియాలి. నోరు ఉన్నవాడికైతే చెప్పి ఉందును. నేను తిడితే అతను తిరిగి తిట్టేవాడు, అక్కడితో తీరేది. బదులు చెప్పలేనివాడి ముందు ఆ మాట పెట్టడం పద్ధతి కాదు. అడ్డుపడేవాడికి కూడా పద్ధతి ఉంటుంది. క్రమశిక్షణ అని తమ పూర్వాధికారి గారు దేనిని అన్నారో నాకు తెలియదు గాని, మాకు ఉన్నది ఇదే.

9. కావున తమను కోరుకొనునది:

అ) 1986 నివేదికలోని సదరు వాక్యమును, ప్రధాన కళాకారుని కాగితముతో నిమిత్తము లేకుండా, కొట్టివేయించవలెను.

ఆ) అది కుదరని యెడల, తమరు ఏదైనా ఒక సాయంత్రం మోవాకు దయచేయవలెను. సత్తిరాజు ఇల్లు పంపు దగ్గర. నేను ప్రశ్న వేసెదను. తమరు అతని ముఖము మాత్రము చూడవలెను. అది అడ్డుపడుటయో, పని చేయుటయో తమకే తెలియును. ఆ రోజు కొండ ప్రశ్న వేయను. దానికి అతను నవ్వడం మానేసి చాలా కాలమైంది.

ఇ) ఇద్దరు శిష్యులు కష్టమైనచో ఒక్కరినైనను ఇప్పించవలెను.

తమ వద్ద నా వంటి వారి కాగితములు చాలా ఉండును. అయినను చిత్తగించవలెననియు, చిత్తగించిన పిమ్మట కలముతో ఒక్క గీత గీయవలెననియు వేడుకొనుచు,

తమ విధేయుడు,
గేదెల జోగయ్య
ఎడమవైపు వంత (రిటైర్డు ఖలాసీ)

తా.క.: పై సంతకం సరిగా కనబడకపోవచ్చును. దాని మీద పడిన వేలిముద్ర నాది కాదు. నాకు సంతకం వచ్చును.

కవరు కొనడానికి పోస్టాఫీసుకు పోతూ, వాన పడుతున్నందున ఈ కాగితాలు తడవకుండా అప్పలనరసమ్మకు ఇచ్చి వెళ్ళాను. ఆమెకు ఐదో తరగతి దాకా చదువు ఉన్న సంగతి నాకు గుర్తు లేకపోయింది. నేను వచ్చేసరికి మంచం పక్కన నా స్టూలు మీద ఆమె కూర్చొని ఉంది. కాగితాలు ఒళ్ళో ఉన్నాయి.

"ఆయనకి సదివి ఇనిపించీసినాను అన్నియ్యా."

"ఎంతవరకూ?"

"అంతా."

"ఎందుకమ్మా?"

"మీ రాత సూసి ఊరుకోనేదు. సెయ్యి పట్టుకు లాగేసినారు. ఏటి సెయ్యమంటారు?"

సత్తిరాజు గోడవైపు తిరిగి ఉన్నాడు. ఎడమచేతి బొటనవేలికి కాటుక ఉంది. అతనే సైగ చేసి తెప్పించుకొన్నాడట. ఎక్కడ వేయాలని ఆమె అడిగితే, ఖాళీ జాగా చాలా ఉన్నా నా పేరు మీదే వేశాడు.

"బావా, ఇది నా అర్జీ గదా," అన్నాను. "మజ్జన నీ ఏలేటి?"

అతను ఇటు తిరగడానికి చాలాసేపు పట్టింది. తిరిగాక నోరు తెరిచి ఏదో అన్నాడు. అక్షరాలు లేవు. అది తిట్టని మా ఇద్దరికీ తెలిసింది. తరవాత అతను ఏడ్చాడు. నేను స్టూలు మీద కూర్చొని, చీకటి పడేదాకా ఏవేవో అడిగాను.

ఈ ముద్రను ప్రధాన కళాకారుని కాగితముగా తీసుకొనవచ్చునో లేదో తమ నిర్ణయము. చుట్టూ మరకలు ఉన్నందున తిరగ రాసి పంపుమని తమ ఆఫీసు వారు అనవచ్చును. రాయగలను. రాయను.